వెబ్ కోసం కొత్త భాష: వ్యాకరణం కంటే ముందు తేల్చుకోవలసిన సంగతులు

మధురవాడలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న ముగ్గురు, రుషికొండలో ఒక ఐటీ కంపెనీలో పనిచేస్తున్న ఒకరు కలిసి, వెబ్ అప్లికేషన్లు రాయడానికి ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రామింగ్ భాషను తయారుచేస్తున్నామని మీరు రాశారు. వ్యాకరణం చాలావరకు కుదిరిందని, రాసిన కోడును చదివి అప్పటికప్పుడే అమలుచేసే చిన్న ఇంటర్‌ప్రెటర్ నడుస్తోందని చెప్పి, నాలుగు సంగతులు అడిగారు: సొంత వర్చువల్ మెషీన్ (ప్రోగ్రాములను నడిపే సాఫ్ట్‌వేర్ యంత్రం) రాయాలా, కీవర్డులు (if, for లాంటి భాషలోని స్థిరమైన పదాలు) తెలుగులో పెట్టాలా, ఏ లైసెన్స్ తీసుకోవాలి, చివరికి దీన్ని ఎవరు వాడతారు. కంపైలర్ల పనిలో, అంటే ఒక భాషలోని కోడును మరో రూపంలోకి మార్చే ప్రోగ్రాముల పనిలో, చాలాకాలంగా ఉన్నవాడిని, అందులో ఎక్కువ భాగం విశాఖలోనే కూర్చుని చేసినవాడిని కనుక కొంచెం వివరంగానే సమాధానం రాస్తున్నాను.

ఈ నాలుగింటికంటే ముందు తేలవలసిన ప్రశ్న మరొకటి ఉంది. మీ భాషలో రాసిన వెబ్ అప్లికేషన్‌లో ఏ తప్పు చేయడానికి అసలు వీలుండదు? దీనికి ఒక్క వాక్యంలో సమాధానం చెప్పగలిగితే మిగిలిన నిర్ణయాల్లో సగం వాటంతట అవే తేలిపోతాయి. చెప్పలేకపోతే ఎంత అందమైన వ్యాకరణం ఉన్నా అది కాలేజీ ప్రాజెక్టుగానే ఆగిపోతుంది.

వ్యాకరణపు సౌలభ్యం ఎక్కువకాలం ఒక్కరి సొత్తుగా ఉండదు కాబట్టి ఇలా అంటున్నాను. బ్రౌజర్లలో నడిచే జావాస్క్రిప్ట్‌గా మారే భాష కాఫీస్క్రిప్ట్ 2009 చివర్లో వచ్చింది; అది ముఖ్యంగా రాతలో హాయినే అందించింది: బాణం గుర్తుతో రాసే పొట్టి ఫంక్షన్లు, క్లాసులు, స్ట్రింగు (అక్షరాల వరుస) మధ్యలో విలువలను పొదిగే పద్ధతి. 2015 లో జావాస్క్రిప్ట్ ప్రమాణం వాటినే తనలో కలుపుకున్న తరువాత కొత్త ప్రాజెక్టును కాఫీస్క్రిప్ట్‌లో మొదలుపెట్టడానికి పెద్దగా కారణం మిగలలేదు. మైక్రోసాఫ్ట్ 2012 అక్టోబరులో విడుదల చేసిన టైప్‌స్క్రిప్ట్ ఇందుకు భిన్నమైనది. రాతలో అది కొత్తదనం కోసం పాకులాడలేదు. ప్రోగ్రాము నడవకముందే ఒక తరగతి తప్పులను పట్టి చూపించే పనిని మాత్రమే నెత్తికెత్తుకుంది, అందుకే నిలబడింది.

వెబ్ అప్లికేషన్‌కు ప్రత్యేకమైన తప్పు ఏది? నా దృష్టిలో అది హద్దు దాటేచోట జరిగే తప్పు. వెబ్ అప్లికేషన్ చేసే పనిలో ఎక్కువ భాగం ఒకచోట అక్షరాలు తీసుకుని మరొకచోటికి పంపడమే: ఫారంలో టైపు చేసిన పేరు డేటాబేస్ ప్రశ్నలోకి వెళుతుంది, డేటాబేస్‌లోని పేరు హెచ్‌టీఎంఎల్ పేజీలోకి వస్తుంది, అదే పేరు ఒక లింకులోనో జావాస్క్రిప్ట్ ముక్కలోనో చేరుతుంది. ఈ ఒక్కొక్క చోటికి ఒక్కొక్క వ్యాకరణం ఉంది. ఒకచోట నిరపాయమైన కోట్ గుర్తు మరొకచోట ఆజ్ఞగా మారిపోతుంది. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ (డేటాబేస్ ప్రశ్నలోకి ఆజ్ఞ చొప్పించడం), క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ (పేజీలోకి స్క్రిప్టు చొప్పించడం) అని మనం వేరువేరు పేర్లతో పిలిచే దాడులకు మూలం ఒక్కటే: వేరువేరు వ్యాకరణాలకు చెందిన వాక్యాలను అన్నింటినీ ఒకే స్ట్రింగు టైపులో (విలువల రకంలో) పెట్టి, కూడిక గుర్తుతో అతికించడం.

ఈ విషయంలో సర్వరులో వెబ్ పేజీలను తయారుచేసే పీహెచ్‌పీ భాష చరిత్రను శ్రద్ధగా చదవమని చెబుతాను, దాన్ని వెక్కిరించడానికి కాదు. రాస్మస్ లెర్‌డార్ఫ్ 1994 లో తన వ్యక్తిగత పేజీ కోసం సీ భాషలో రాసుకున్న చిన్న పనిముట్లు 1995 లో బయటకు వచ్చాయి. జీవ్ సురాస్కీ, ఆండీ గట్మన్స్ పార్సర్‌ను, అంటే కోడు వ్యాకరణాన్ని విడదీసి చదివే భాగాన్ని, తిరగరాసిన తరువాత 1998 లో మూడో వెర్షన్ విడుదలై ప్రపంచమంతా పాకింది. అవసరం నుంచి పుట్టింది కాబట్టి అది అంత వేగంగా వ్యాపించింది. అయితే సౌలభ్యం కోసం అందులో ఉంచిన రెండు ఏర్పాట్లు ఎంత దూరం వెంటాడాయో చూడండి. మొదటిది రిజిస్టర్ గ్లోబల్స్: యూఆర్‌ఎల్‌లోనో ఫారంలోనో వచ్చిన ప్రతి పేరూ ప్రోగ్రాములో గ్లోబల్ వేరియబుల్‌గా మారిపోయేది. లాగిన్ అయ్యారో లేదో చూసే వేరియబుల్‌కు ప్రోగ్రామర్ ముందుగా విలువ ఇవ్వడం మరచిపోతే, ఆ విలువను వచ్చినవాడే యూఆర్‌ఎల్‌లో రాసి పంపగలిగేవాడు. రెండోది మ్యాజిక్ కోట్స్: లోపలికి వచ్చే ప్రతి స్ట్రింగులోనూ కోట్ గుర్తుల ముందు బ్యాక్‌స్లాష్ చేర్చేవారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ స్ట్రింగు డేటాబేస్‌కు వెళుతుందో, పేజీలోకి వెళుతుందో, ఈమెయిల్‌లోకి వెళుతుందో లోపలికి వచ్చే క్షణంలో ఎవరికీ తెలియదు. అందువల్ల అవసరంలేని చోట్ల బ్యాక్‌స్లాష్‌లు కనిపించేవి, అవసరమైన కొన్ని చోట్ల ఆ రక్షణ చాలేది కాదు. రిజిస్టర్ గ్లోబల్స్‌ను 2002 లో 4.2 వెర్షన్ నుంచి అప్రమేయంగా ఆపివేశారు, కానీ రెండింటినీ భాష నుంచి పూర్తిగా తొలగించడానికి 2012 లో వచ్చిన 5.4 దాకా ఆగవలసివచ్చింది. తప్పని అందరికీ తెలిసిన తరువాత కూడా తీసివేయడానికి పదేళ్లు పట్టిందంటే, మొదటి రోజున తీసుకునే నిర్ణయం ఎంత బరువైనదో మీరే ఊహించుకోవచ్చు.

దీని నుంచి తీయవలసిన సూత్రం: ప్రమాదకరమైన గుర్తులను శుద్ధి చేయవలసింది లోపలికి వచ్చేచోట కాదు, బయటకు వెళ్లేచోట. ఆ పనిని ప్రోగ్రామర్ జ్ఞాపకశక్తికి వదలకుండా భాషే చేయాలి. హెచ్‌టీఎంఎల్ ముక్కకు ఒక టైపు, ఎస్‌క్యూఎల్ ప్రశ్నకు ఒక టైపు, యూఆర్‌ఎల్‌కు ఒక టైపు ఇవ్వండి. మామూలు స్ట్రింగు వీటిలో దేనికీ దానంతట అది మారకూడదు. సోర్సు కోడులో నేరుగా రాసిన హెచ్‌టీఎంఎల్‌ను కంపైలర్ అక్షరాల వరుసగా కాక, ఒకదానిలో ఒకటి ఇమిడిన భాగాల చెట్టుగా చదవాలి. అప్పుడు అందులో విలువ చేరే ప్రతి ఖాళీ ఎలాంటి సందర్భంలో ఉందో కంపైల్ చేసే సమయానికే తెలుస్తుంది: ట్యాగుల మధ్యనా, యాట్రిబ్యూట్ విలువలోనా, లింకులోనా, స్క్రిప్టు లోపలా అన్నది. ఈ తేడాలు పైకి కనిపించినంత చిన్నవి కావు. లింకు చిరునామా స్థానంలో javascript: అని మొదలయ్యే, అంటే నొక్కితే కోడును నడిపే విలువ చేరితే, కోట్ గుర్తులను ఎంత శుద్ధి చేసినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే అక్కడ ప్రమాదం గుర్తుల్లో లేదు, చిరునామా స్వభావంలోనే ఉంది. గో భాషతో వచ్చే హెచ్‌టీఎంఎల్ టెంప్లేట్ లైబ్రరీ ఇలా సందర్భాన్ని బట్టి శుద్ధి చేస్తుంది. ఎంఐటీకి చెందిన ఆడమ్ క్లిపాలా రూపొందించిన ఉర్‌వెబ్ భాష మరింత ముందుకు వెళ్లి, పేజీలనూ డేటాబేస్ ప్రశ్నలనూ టైపు వ్యవస్థలోనే ఇమిడ్చింది; ఆ భాష విస్తృతంగా వాడుకలోకి రాకపోయినా, మీలాంటివారు తప్పక చదవవలసిన కోడు అది. ఆ కఠినత్వాన్ని సగటు ప్రోగ్రామర్‌కు అర్థమయ్యే సందేశాలతో అందించడమే ఇప్పటికీ మిగిలివున్న పని అని నా అభిప్రాయం.

ఇక తెలుగు కీవర్డుల సంగతి. నా సలహా, ప్రస్తుతానికి వద్దు. ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారికి అడ్డుపడేవి ఆ ముప్పై నలభై కీవర్డులు కావు. లైబ్రరీల పేర్లు, వివరణ పత్రాలు, తప్పు సందేశాలు అన్నీ ఇంగ్లీషులో ఉండటమే అసలు అడ్డంకి. మీకు తెలుగు మీద అభిమానం ఉంటే తప్పు సందేశాలను తెలుగులోనూ ఇవ్వండి, సందేశాల పాఠాన్ని కంపైలర్ కోడులో కలపకుండా మొదటినుంచీ వేరే ఫైలులో ఉంచండి. అంతకంటే ముఖ్యంగా, తెలుగు పాఠాన్ని సరిగ్గా పట్టుకునే స్ట్రింగు టైపును ఇవ్వండి. చాలా భాషలు ఇక్కడ తడబడతాయి.

శ్రీకాకుళం అనే పేరు తీసుకోండి. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో అది 30 బైట్లు, అన్ని లిపులకూ సంఖ్యలిచ్చే యూనికోడ్ ప్రమాణపు సంకేతాలుగా లెక్కిస్తే 10, మనం కంటితో చూసి చెప్పేది 4 అక్షరాలు. పీహెచ్‌పీలోని పాత పొడవు ఫంక్షన్ 30 అంటుంది, జావాస్క్రిప్ట్, పైథాన్ 10 అంటాయి. సంయుక్తాక్షరాన్ని ఒకే అక్షర సమూహంగా చూడాలనే నియమం తెలుగు సహా కొన్ని భారతీయ లిపులకు యూనికోడ్ 15.1 లో, అంటే 2023 లో మాత్రమే వచ్చింది. అంతకుముందు నియమాల ప్రకారం శ్రీ రెండు ముక్కలై మొత్తం 5 అయ్యేది. అందువల్ల పేరును ఫలానా పొడవు దగ్గర కత్తిరించే మామూలు కోడు తెలుగు పేరును నడిమధ్యన విరగ్గొడుతుంది, బైట్ల లెక్కన కత్తిరిస్తే చివర చెడిన గుర్తు మిగలవచ్చు. పోలికలోనూ చిక్కు ఉంది. వైజాగ్‌లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయవచ్చు, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు అని రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెరమీద రెండూ ఒకేలా ఉంటాయి, ప్రమాణం కూడా రెండూ సమానమేనంటుంది, కానీ ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ ఏకరూపంలోకి మార్చకుండా నేరుగా పోలిస్తే రెండూ వేరని ప్రోగ్రాము చెబుతుంది. కాబట్టి మీ భాషలో కేవలం పొడవు అనే ఫంక్షన్ ఉండకూడదు. బైట్ల సంఖ్య, సంకేతాల సంఖ్య, అక్షరాల సంఖ్య అని మూడు వేరువేరు పేర్లు ఉండాలి. బయటినుంచి వచ్చే పాఠం ఎన్‌ఎఫ్‌సీలోకి మారిన తరువాతే స్ట్రింగు కావాలి.

డబ్బు లెక్కల విషయంలోనూ ఇదే పట్టుదల అవసరం. జావాస్క్రిప్ట్ మీద ఆధారపడే భాషల్లో సంఖ్య అంటే 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్, 0.1, 0.2 కూడితే 0.30000000000000004 వస్తుంది, 9,00,71,99,25,47,40,991 దాటితే పూర్ణాంకాలు కూడా కచ్చితంగా నిలవవు. జీఎస్‌టీని సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి విడగొట్టి, పైసాల దగ్గర సరిచేసి, మొత్తం కలిపి చూపించే బిల్లును ఇలాంటి సంఖ్యలతో రాయనివ్వకండి. 2020 నాటి జావాస్క్రిప్ట్ ప్రమాణంలో చేరిన బిగ్ ఇంట్ మీద దశాంశ టైపును కట్టుకోవచ్చు, కాస్త నెమ్మదిగా నడిచినా ఫరవాలేదు.

పై మాటలన్నీ కాగితం మీద నిర్ణయించుకోవద్దు. ఒక నిజమైన అప్లికేషన్ ఎంచుకోండి. పూర్ణా మార్కెట్‌లో ఏదైనా ఒక టోకు దుకాణానికి ఆర్డర్లు, బాకీలు, బిల్లులు చూసే వ్యవస్థను మీ భాషలో రాసిస్తామని అడగండి. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి సరుకు తీసుకునే ఖాతాదారుల పేర్లు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ కలగలిసి ఉంటాయి, ఊరి పేరు ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా రాస్తారు, నెట్ మధ్యలో పోతుంది, ఒకే ఆర్డరు రెండుసార్లు నొక్కబడుతుంది. భాషకు ఏది లోటో ఆ దుకాణం మీకు చెప్పినంత స్పష్టంగా ఏ పరిశోధనా పత్రమూ చెప్పదు. ఎవరు వాడతారన్న మీ చివరి ప్రశ్నకు కూడా ప్రస్తుతానికి సమాధానం ఇదే: మొదట మీరు, తరువాత మీలాగే లెక్కల అప్లికేషన్లు రాసే చిన్న సంస్థలు. పెద్ద కంపెనీలను ఇప్పుడే మనసులో పెట్టుకోకండి.

సొంత వర్చువల్ మెషీన్ మాత్రం రాయకండి. నేర్చుకోవడానికైతే తప్పకుండా రాయండి, అంతకంటే మంచి చదువు లేదు; కానీ ఇతరుల చేత వాడించే భాషకు అది మోయలేని భారం. చెత్త సేకరణ (వాడకం ముగిసిన మెమరీని తిరిగి తీసుకోవడం), డీబగ్గర్, వేర్వేరు ప్రాసెసర్లు, భద్రతా సవరణలు, ఇవన్నీ నలుగురి వల్ల అయ్యేవి కావు. 2011 లో డార్ట్ భాషను ప్రకటించిన గూగుల్ అంతటి సంస్థే, డార్ట్ వర్చువల్ మెషీన్‌ను క్రోమ్‌లో పెట్టే ఆలోచనను 2015 లో విరమించుకుని, జావాస్క్రిప్ట్‌లోకి కంపైల్ చేయడం మీద దృష్టి పెట్టింది. మీ ముందున్న దారులు మూడు: జావాస్క్రిప్ట్‌లోకి కంపైల్ చేయడం, ఎర్లాంగ్ భాష వర్చువల్ మెషీన్ మీద నిలబడటం, బ్రౌజర్లు నేరుగా నడిపే బైనరీ కోడు రూపమైన వెబ్అసెంబ్లీని లక్ష్యంగా పెట్టుకోవడం. ఎలిక్సిర్ భాష రెండో దారిలో నడిచింది. గ్లీమ్ భాష మొదటి రెండింటినీ కలిపింది. వెబ్అసెంబ్లీ 2019 డిసెంబరులో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణమైంది, చెత్త సేకరణ సదుపాయం 2023 చివర్లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లకు చేరింది, అయితే పేజీలోని అంశాలను తాకడానికి ఇప్పటికీ జావాస్క్రిప్ట్ గుండానే వెళ్లాలి. మీకు బ్రౌజరు, సర్వరు రెండూ కావాలి కాబట్టి మొదటి దారే పట్టమంటాను. తయారైన జావాస్క్రిప్ట్ వరుసను అసలు కోడులోని వరుసతో కలిపే సోర్స్ మ్యాపులు మాత్రం మొదటి విడుదలలోనే ఉండాలి; తప్పు జరిగినప్పుడు తాను రాయని జావాస్క్రిప్ట్ వరుస సంఖ్య చూపిస్తే వాడుకరి రెండోసారి మీ భాష ముఖం చూడడు.

కంపైలర్ లోపలి నిర్మాణం గురించి ఎక్కువ చెప్పను, మీకు ఇప్పటికే తెలిసినట్టుంది. నియమాలిస్తే పార్సర్‌ను తయారుచేసే పార్సర్ జనరేటర్‌ను వదిలి, ఒక్కొక్క వ్యాకరణ నియమానికి ఒక ఫంక్షన్ చొప్పున చేత్తో రాసిన రికర్సివ్ డిసెంట్ పార్సర్‌కు మారండి, ఆపరేటర్ల ప్రాధాన్యానికి వాన్ ప్రాట్ 1973 లో చెప్పిన పద్ధతి చాలు. అసంపూర్ణమైన కోడు నుంచి కూడా పార్సర్ ఒక చెట్టును ఇవ్వగలగాలి, ఎందుకంటే ఎడిటర్‌లో కోడు ఎక్కువసేపు అసంపూర్ణంగానే ఉంటుంది. ఎడిటర్‌కూ భాష పనిముట్టుకూ మధ్య సంభాషణ నియమాలుగా 2016 లో వచ్చిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ వల్ల ఒక్క సర్వర్ రాస్తే చాలా ఎడిటర్లకు సరిపోతుంది. దాన్ని తరువాత అతికించే పనిగా కాక కంపైలర్‌లో భాగంగానే రాయండి. కోడును ఒకే తీరులో సర్దే ఫార్మాటర్ ఒక్కటే ఉండాలి, దానికి సెట్టింగులు ఉండకూడదు. ఈ చివరి మాట మీద మీలో మీకు గొడవ వస్తుంది, రానివ్వండి.

ఉన్న లైబ్రరీలతో సంబంధం ఎలా అన్నది ఇంతకంటే కష్టమైన ప్రశ్న. ఎల్మ్ భాష తప్పు సందేశాల స్పష్టతలో చాలామందికి ఆదర్శమైంది. కానీ 2018 లో వచ్చిన 0.19 వెర్షన్ నుంచి, జావాస్క్రిప్ట్‌ను నేరుగా పిలిచే మాడ్యూళ్లు రాసే వీలును బయటివారికి మూసివేసింది. భాష ఇచ్చే హామీలు చెదరకూడదన్నది సమంజసమైన కారణమే, కానీ ఆ వీలుతో పెద్ద అప్లికేషన్లు నడుపుతున్న కొందరికి దారి మూసుకుపోయింది. మీరు ఆ తలుపును మూయకండి, కానీ దానికి పేరు పెట్టండి: జావాస్క్రిప్ట్‌ను పిలిచే ప్రతి ఫంక్షన్‌నూ ప్రత్యేకమైన గుర్తుతో ప్రకటించాలనీ, అక్కడినుంచి వచ్చిన విలువను పరిశీలించిన తరువాతే టైపు దక్కుతుందనీ నియమం పెట్టండి. హామీ ఎక్కడ ఆగిపోతుందో కోడు చదివేవారికి కనిపిస్తే చాలు.

పాత కోడు చెడగొట్టకుండా భాషను మార్చడం గురించి ఇప్పుడే ఆలోచించమంటే తొందరగా అనిపించవచ్చు. పైథాన్ 3 వచ్చింది 2008 లో, పైథాన్ 2 కు మద్దతు ఆగింది 2020 జనవరి 1న. మధ్యలో ఎన్నో సంస్థలు రెండింటినీ మోశాయి. జావాస్క్రిప్ట్ అయితే 1995 లో పది రోజుల్లో తయారైన నమూనా నుంచి వచ్చిన లోపాలను నేటికీ వదిలించుకోలేకపోతోంది, నల్ (ఏమీ లేదని చెప్పే) విలువ టైపు అడిగితే ఆబ్జెక్ట్ అనే అంటుంది. పది రోజుల్లో భాష తయారైందన్న కథ చాలామందికి ఉత్సాహం ఇస్తుంది. ఆ పది రోజుల వడ్డీని మనం ఇంకా కడుతున్నామన్నది ఎవరూ చెప్పరు. పాత కోడు కొత్త వెర్షన్లలోనూ నడుస్తుందని 2012 లో మొదటి వెర్షన్‌తోనే గో చేసిన అనుకూలత వాగ్దానం, ప్రాజెక్టు కోరుకుంటేనే కొత్త మార్పులు వర్తించే రస్ట్ భాషలోని ఎడిషన్ల పద్ధతి, ఈ రెండూ పరిశీలించండి. ప్రతి ప్రాజెక్టు ఫైలులోనూ ఏ ఎడిషన్‌లో రాశారో చెప్పే ఒక వరుసను మొదటి విడుదల నుంచే తప్పనిసరి చేస్తే సరిపోతుంది. 1.0 అని పిలవడానికి మాత్రం తొందరపడవద్దు: గ్లీమ్ 0.1 వెర్షన్ 2019 లో, 1.0 వెర్షన్ 2024 మార్చిలో వచ్చాయి.

సహాయకుల విషయంలో ఒక హెచ్చరిక. కాలేజీల్లో ప్రకటిస్తే మనుషులు చాలామంది వస్తారు, అందులో ఎక్కువమంది సర్టిఫికెట్ కోసం రీడ్‌మీ అనే పరిచయ ఫైలులో ఒక కామా మార్చి వెళతారు. వారిని తప్పుపట్టను, వ్యవస్థ అలా నేర్పింది. వచ్చినవారికి పరీక్షలు రాయడం అప్పగించండి: చెడ్డ ప్రోగ్రాము ఒకటి, దానికి కంపైలర్ ఇవ్వవలసిన సందేశం ఒకటి, ఈ జంటలు వందల్లో కావాలి. వాటిని రాస్తూ రాస్తూ భాష లోతు తెలిసినవారే రేపు టైపు చెకర్‌ను చూసుకోగలరు. భాషలో మార్పు ప్రతిపాదనలను లిఖితపూర్వకంగా తీసుకుని, తిరస్కరిస్తే కారణం కూడా రాసి భద్రపరచండి.

లైసెన్స్ దగ్గర రెండు విషయాలు వేరుచేసి చూడాలి. కంపైలర్ ఒకటి, కంపైలైన ప్రతి అప్లికేషన్‌లోనూ కలిసిపోయే రన్‌టైమ్ లైబ్రరీ మరొకటి. రన్‌టైమ్‌ను మినహాయింపు లేకుండా, పంచేటప్పుడు సోర్సు కోడునూ ఇవ్వమనే జీపీఎల్ లైసెన్స్ కింద పెడితే, మీ భాషలో రాసిన అప్లికేషన్‌ను పంచే దుకాణదారుడి ప్రోగ్రామర్‌కు కూడా ఆ షరతులు చుట్టుకుంటాయనే భయం మొదలవుతుంది. జీసీసీ కంపైలర్ తన రన్‌టైమ్ లైబ్రరీకి ప్రత్యేక మినహాయింపు ఇచ్చింది ఇందుకే. రెండింటికీ అపాచీ 2.0 తీసుకోవడం మీకు సుళువు, అందులో పేటెంట్ల అనుమతి కూడా స్పష్టంగా ఉంటుంది.

లైసెన్స్‌తో ముడిపడిన మరో విషయం మీలో ఉద్యోగం చేస్తున్న మిత్రుడిది. మన 1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాములను సాహిత్య రచనల్లో చేర్చింది. అదే చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, ఉద్యోగ విధుల్లో భాగంగా చేసిన రచనకు మొదటి హక్కుదారు యజమానే. ఇంటిదగ్గర, సొంత ల్యాప్‌టాప్ మీద రాసిన కోడు ఉద్యోగ విధుల్లోకి రాదని మీరు వాదించవచ్చు, కానీ చాలా నియామక పత్రాలు చట్టంకంటే విస్తృతమైన షరతులు పెడతాయి. ఆయన తన నియామక పత్రంలోని మేధోసంపత్తి షరతును చదివి, ఈ ప్రాజెక్టు పేరు, స్వభావం రాసి, అభ్యంతరం లేదని సంస్థ నుంచి లిఖితపూర్వకంగా తీసుకోవాలి. మిగిలిన ముగ్గురూ ఈ భాషను చివరి సంవత్సరం ప్రాజెక్టుగా సమర్పించే ఆలోచనలో ఉంటే కాలేజీ నిబంధనలను కూడా ఇలాగే చూసుకోండి. ఆ పత్రాలు చేతికి వచ్చాకే కోడును బహిరంగ రిపాజిటరీలో పెట్టండి. ఈలోగా దుకాణానికి కావలసిన బిల్లు పేజీని మీ ఇంటర్‌ప్రెటర్ మీదే రాయడం మొదలుపెట్టవచ్చు.